కొన్న చొక్కా తొడుక్కునే దర్జీ

మా బాబాయి దర్జీ. వీధి చివర, రెండు మెట్లెక్కి లోపలికి వెళ్లే కొట్టు ఆయనది. ఆ కొట్లో కుట్టిన ప్యాంట్లు వేసుకుని ఎందరో ఉద్యోగాల్లో చేరారు, పెళ్లిపీటలెక్కారు, కొందరైతే పదవీ విరమణ సన్మానాలు కూడా అందుకున్నారు. అంతటి దర్జీ తన ఒంటిమీద మాత్రం కుట్టించిన చొక్కా ఎన్నడూ వేసుకోలేదు. ఎప్పుడూ కొన్న చొక్కాయే. కనీసం ఆయన అలా అనుకునేవాడు.

ఆ కొన్న చొక్కా కూడా ఏదో ఒకటి కాదు, నిచ్చెన మార్కు. తెల్ల పాప్లిన్ గుడ్డ, ఎడమవైపు ఒకటే జేబు, మెడ వెనక లోపలివైపు వేలిగోరంత లేబులు, దాని మీద నీలిదారంతో నేసిన నిచ్చెన. చొక్కాకీ నిచ్చెనకీ సంబంధమేమిటో కంపెనీవాళ్లు ఏనాడూ చెప్పలేదు కనుక ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవారు. యజమాని చిన్నతనంలో ఇళ్లకి సున్నాలు వేసేవాడని కొందరు. అది తొడుక్కున్నవాడు జీవితంలో పైకొస్తాడని కొందరు. ఆ రోజుకి అచ్చాఫీసువాడి దగ్గర ఆ ఒక్క బొమ్మే మిగిలుంటుందని మా పిన్ని.

వంటవాడు హోటల్లో తింటే లోకం ఏమీ అనదు. డాక్టరు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే అది మర్యాద అంటుంది. దర్జీ కొన్న చొక్కా తొడుక్కుంటే మాత్రం వీధి వీధంతా న్యాయస్థానమైపోతుంది. ఎదురుకొట్లో గడియారాలు బాగుచేసే ఆయన ఆ న్యాయస్థానానికి శాశ్వత న్యాయమూర్తి. కంటికి భూతద్దం బిగించుకునే, తల ఎత్తకుండానే తీర్పులు చెప్పేవాడు.

"ఏమోయ్ దర్జీ, ఇవాళ కూడా నీ కుట్టు మీద నీకు నమ్మకం కుదర్లేదా?"

"కుదిరిందిలే గానీ, నీ గోడమీద గడియారం సంగతి చూడు ముందు. నిన్న పొద్దున్న చూసినప్పుడు ఎంతయిందో ఇప్పుడూ అంతే అయింది."

"అది అమ్మకానికి కాదు, అలంకారానికి."

"మరి నేనూ అంతే. నేను కుట్టేది అమ్మకానికి, తొడుక్కునేది అలంకారానికి."

ఈ సంభాషణ చిన్న చిన్న మార్పులతో రోజూ జరిగేది. ఇద్దరికీ అది పొద్దుటి కాఫీ లాంటిది. ఒకపూట తప్పితే తలనొప్పి వచ్చేది.

బాబాయికీ ఈ చొక్కాకీ బంధం ఆయన పని నేర్చుకునే రోజుల్లో పడింది. పని నేర్పిన మాస్టారు గొప్ప చేయి ఉన్నవాడు, అంతకన్నా గొప్ప నోరున్నవాడు. ఆయన దగ్గర మొదటి జీతం అందుకున్న రోజున బాబాయి తిన్నగా పెద్దవీధిలోని బట్టల షాపుకి వెళ్లి, అద్దాల వెనక ఎన్నో నెలలుగా చూసి పెట్టుకున్న నిచ్చెన చొక్కా కొనేసి, మర్నాడు దాన్నే తొడుక్కుని పనిలోకి వెళ్లాడు. మాస్టారు కత్తెర కిందపెట్టాడు. ఆయన కత్తెర కిందపెట్టడమంటే మామూలు విషయం కాదని ఆ కొట్లో అందరికీ తెలుసు.

"మన కొట్లో పనిచేస్తూ కొన్న చొక్కా తొడుక్కొస్తావట్రా?"

"ఈ కాలరు మీరు కుట్టి చూపించండి మాస్టారూ, ఇది ఇక్కడే విప్పేస్తాను."

మాస్టారు కుట్టాడు. పట్టుదలగా మళ్లీ కుట్టాడు. కాలరు కొనలు ఒకసారి పిల్లి చెవుల్లా లేచాయి, ఇంకోసారి తడిసిన కాగితంలా వాలాయి. నిచ్చెన కాలరు మాత్రం బాబాయి మెడచుట్టూ నిటారుగా కూర్చుని ఇదంతా వినోదంగా చూసింది. చివరికి మాస్టారు, "అది మనుషులు కుట్టింది కాదురా, కంపెనీ కుట్టింది," అని తేల్చేశాడు. ఓడిపోయినవాడు తన మర్యాద కోసం అన్న ఆ ముక్కని మా బాబాయి సిద్ధాంతంగా స్వీకరించి, జీవితాంతం ప్రచారం చేశాడు.

మాస్టారి కూతురు అదే కొట్లో కిటికీ దగ్గర కూర్చుని కాజాలు కుట్టేది. ఆ రోజు ఆవిడ బాబాయితో మొట్టమొదటిసారి మాట్లాడింది. ఆ సంఘటన తాలూకు కథనాలు మా కుటుంబంలో రెండున్నాయి. తన రూపం చూసి ఆవిడకి దారం సూదిలోకి ఎక్కలేదని బాబాయి కథనం. "నేను చూసింది కాలర్ని. మనిషి దానికి తగులుకుని వచ్చాడు," అని పిన్ని కథనం. ఏదైతేనేం, పెళ్లయింది. మాస్టారు అల్లుణ్ని క్షమించాడు గానీ చొక్కాని క్షమించలేదు.

తర్వాత వాళ్లు సొంతంగా కొట్టు పెట్టారు. ముందుభాగంలో కొలతల అద్దం, బెంచీ, గుడ్డ కత్తిరించే పొడవాటి బల్ల. అది బాబాయి రాజ్యం. కొలతలు తీయడం, కత్తిరించడం, ప్యాంట్లు కుట్టడం, వచ్చినవాళ్లతో లోకాభిరామాయణం ఆయన శాఖలు. మధ్యలో పూల తెర. తెర వెనక కిటికీ పక్కన మిషను, అక్కడ పిన్ని. చొక్కాలన్నీ ఆవిడ శాఖ. ఆ శాఖలో ఏం జరుగుతుందో బాబాయి ఎప్పుడూ తొంగిచూసేవాడు కాదు. తెర కింద నుంచి కత్తిరించిన ముక్కలు లోపలికి వెళ్లేవి, తెర పైనుంచి చొక్కాలు బయటికి వచ్చేవి.

ఇక బాబాయి సొంత చొక్కాల విషయం. ఎప్పుడూ మూడు నిచ్చెన చొక్కాలు ఉద్యోగంలో ఉండేవి. వాటికి సీనియారిటీ ఉంది. కొత్తగా చేరినది శుభకార్యాలకి, ఆస్పత్రి పరామర్శలకి. కాస్త అనుభవం వచ్చాక కొట్టు పనికి బదిలీ. బాగా ముదిరినది ఇంటి పట్టున. నాలుగోది కొన్న రోజున అన్నిటికన్నా పాతది పదవీ విరమణ పొంది మిషను మీద ముసుగుగా విశ్రాంతి తీసుకునేది. అక్కడా చిరిగితే గుండీలు డబ్బాలోకి, లేబులు అద్దం వెనకున్న చిన్న సీసాలోకి చేరేవి. గుడ్డని ఏం చేసినా బాబాయి పట్టించుకునేవాడు కాదు. లేబులు పారేస్తే మాత్రం ఇల్లు దద్దరిల్లేది.

ఇలా సాగుతుండగా కంపెనీ మూతపడింది. కారణాలు చాలా చెప్పుకున్నారు. ఊరి చివర ఫ్యాక్టరీ గేటుకి తాళం పడింది, పెద్దవీధి షాపువాడు అద్దాల వెనక ప్లాస్టిక్ బకెట్లు పెట్టాడు. ఆ రోజు బాబాయి సీనియర్ చొక్కా తొడుక్కుని కొట్లో సంతాపం పాటించాడు. గడియారాలాయన కూడా మర్యాదగా ఆ పూటకి ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం అడిగాడు: "అయితే ఇక కుట్టించుకుంటావా? మంచి దర్జీ ఉన్నాడు, అడ్రసు చెప్పనా?"

"నా దగ్గరున్న మూడూ నేనున్నంతకాలం ఉంటాయి," అన్నాడు బాబాయి. "అది నిచ్చెన చొక్కా. నీకేం తెలుసు."

కొత్త నియామకాలు ఆగిపోయాక పాత ఉద్యోగులకి విరమణ ఉండదు. ఆ మూడు చొక్కాల నెత్తిన ఒక మనిషి మాట పడింది. ఆ మాట బరువు మోసింది మాత్రం చొక్కాలు కాదు.

కంపెనీ మూతపడిన కొద్దిరోజులకి, బాబాయి గుడ్డల కొనుగోలుకని వెళ్లిన మధ్యాహ్నం, పిన్ని సీనియర్ చొక్కాకి ఇస్త్రీ చేస్తోంది. ఎవరో వచ్చి ప్యాంటు అయిందా అని అడిగారు. కాలేదని చెప్పడానికి దర్జీ కొట్లో చాలాసేపు పడుతుంది, అందులో కొంత కళ ఉంది. పిన్ని ఆ కళ ప్రదర్శించి తిరిగొచ్చేసరికి ఇస్త్రీ పెట్టె కాలరు మీదే కూర్చుని ఉంది. ఎత్తి చూస్తే పడవ ఆకారంలో గోధుమరంగు మచ్చ.

ఇంకొకరైతే ఏడ్చేవారు. మాస్టారి కూతురు కాబట్టి బ్లేడు తీసుకుంది. కాలరు కుట్లు విప్పి, లోపలేముందో చూసింది. మనుషులు కుట్టలేరని తండ్రి చెప్పినదీ, మొగుడు ప్రచారం చేసినదీ ఆ గుడ్డమడతలోనే ఉంది. గట్టిదనం కోసం లోపల వేసే బక్రం ఒకటి కాదు, రెండు పొరలు. కిందిపొర ఏటవాలుగా కత్తిరించి ఉంది. కొనల దగ్గర ఒక పొర మరోదానికన్నా కాస్త లోపలికి ఆగింది, అందుకే కొన లావెక్కదు, లేవదు. ఇక బక్రం మీద, బయటికి ఎన్నడూ కనబడని చోట, నీలిసిరాతో చిన్న నిచ్చెన ముద్ర.

"ఓస్, ఇంతేనా," అందిట పిన్ని ఖాళీ గదితో.

అదే తెల్ల పాప్లిన్ ఆవిడ దగ్గర తానులకొద్దీ ఉంది. సాయంత్రానికి కొత్త కాలరు చొక్కాకి ఎక్కింది, లేబులు యథాస్థానంలో కూర్చుంది. పొద్దున్న నెమ్మదిగా చెబుదామనుకుంది. పొద్దున్న బాబాయి చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడి, కాలరు వేళ్లతో నిమిరి, తెరవైపు తిరిగి గట్టిగా అన్నాడు:

"ఏమోయ్, ఒకసారి ఇలా వచ్చి చూడు. ఇన్నేళ్లయినా ఎక్కడైనా నలిగిందా? కంపెనీ కుట్టంటే ఇదీ. ఊరికే మిషను తొక్కడం కాదు, చూసి నేర్చుకో."

"నేర్చుకుంటానండీ," అంది పిన్ని తెర వెనక నుంచి.

ఇక చెప్పడం ఎలా? మొగుడు పెళ్లాం కుట్టుని అంతగా పొగడటం ఆ ఇంట్లో మొదటిసారి. దాన్ని ఆపడానికి ఆవిడకి మనసొప్పలేదు.

తర్వాత రెండో చొక్కా కాలరు చివికింది, మార్చింది. కఫ్‌లు పోయాయి, మార్చింది. భుజం ముక్కలు, జేబు, వీపు. బాబాయి రుమాలు మార్చినంత తరచుగా కాకపోయినా, ఆ మూడు చొక్కాలూ ముక్కముక్కగా పునర్జన్మ ఎత్తాయి. చివరికి వాటిల్లో కంపెనీ తాలూకు మిగిలింది లేబులొక్కటే. దర్జీ అయ్యుండి ఆయనకి తెలియలేదా అని మీరు అడగొచ్చు. కొట్లో కళ్లజోడు ఖాతాదారుల గుడ్డకి తప్ప పెట్టుకునేవాడు కాదు. ఇంట్లో చొక్కా గుండీలు పెట్టి, హ్యాంగరుకి తగిలించి సిద్ధంగా ఉండేది. పైగా అది నిచ్చెన చొక్కా. పరీక్షించాల్సింది మనుషులు కుట్టినవాటిని కదా.

ఖాతాదారులు కూడా కొన్నాళ్లకి, "మీ కొట్టు కాలరు భలే నిలబడుతుందండీ," అనడం మొదలుపెట్టారు. "అది నా కటింగు," అనేవాడు బాబాయి వినయంగా. ఆయనకి వినయం అంతవరకే వచ్చు.

ఇలా ఏళ్లు గడిచాక ఒక పొద్దున్న గడియారాలాయన భూతద్దం కన్నుతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్ దర్జీ! నీ నిచ్చెన మళ్లీ లేచిందిరా!"

నిజమే. ఎవరో ఆ మార్కుని కొనుక్కున్నారు. పెద్దవీధిలో, ప్లాస్టిక్ బకెట్లు అమ్మినచోటే, అద్దాల తలుపులతో కొత్త షాపు తెరుస్తున్నారు. ప్రారంభం రోజున పాత నిచ్చెన చొక్కాలున్నవాళ్లు తీసుకురావచ్చట. అందరికన్నా పాతదీ, అందరికన్నా చెక్కుచెదరనిదీ ఏదో దాన్ని షాపు మధ్యలో గాజుపెట్టెలో పెడతారట. పక్కన సొంతదారు ఫోటో.

"ఫోటో సంగతి తర్వాత," అన్నాడు బాబాయి, అప్పుడే దువ్వెన వెతుక్కుంటూ. "ఆ గాజుపెట్టె కొలతలేమిటో కనుక్కున్నావా?"

"ఇంకా గెలవలేదు కదరా."

"అది వాళ్లకి తెలియదు. నాకు తెలుసు."

సాయంత్రానికి వీధిలో అందరికీ కబురందింది. పాలవాడికీ, బడి పంతులుకీ, మేడమీది అద్దెవాళ్లకీ, అడ్రసు అడగడానికి ఆగిన ఒక పరాయి మనిషికీ కూడా ఆహ్వానం అందింది. పిన్ని మాత్రం గడియారాలాయన తెచ్చిన ప్రకటన కాగితం తీసుకుని అడుగున చిన్న అక్షరాల దాకా చదివింది. అక్కడుంది: నకిలీలు రాకుండా కాలరు కొంచెం విప్పి, లోపలి బక్రం మీద కంపెనీ ముద్ర చూస్తారట. అందరి ఎదుటా.

ఆవిడకి కాళ్లకింద మిషను ఆగిపోయినట్టయింది. ఆ మూడు చొక్కాల్లో ఏది విప్పినా లోపల నిచ్చెన ఉండదు. మర్నాటినుంచి ఎదురుకొట్టు న్యాయమూర్తికి ఇంకో పనుండదు. జీవితమంతా ఒక్క మాట మీద నిలబడ్డ మనిషి వీధిలో తలదించుకు నడవాల్సొస్తుంది, అదీ తన చేతిపని వల్ల.

ఒక దారుంది. నీలిసిరా ఇంట్లోనే ఉంది. వేలెడంత నిచ్చెన గీయడం ఎంతసేపు? పిన్ని సీనియర్ చొక్కా ముందేసుకుని, కాలరు విప్పడానికి బ్లేడు పట్టుకుని కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. బక్రం రెండు పొరలూ తను కోసినవి. కొనలు తను తిప్పినవి. వాటి మీద ఇంకొకరి ముద్ర వేయడానికి ఆవిడకి చేయి రాలేదు. బ్లేడు డబ్బాలో పడేసింది.

ఆ తర్వాత చిన్న చిన్న ప్రయత్నాలు చేసింది. ప్రారంభం రోజు పొద్దున్నే సీనియర్ చొక్కాని బకెట్లో నానేసింది.

"అయ్యో, తడిపేశానండీ. ఇక ఈ పూటకి కాదు."

"అదే మంచిది. తడిసినా కాలరు వంగదని వాళ్లూ చూస్తారు. పిండి ఇస్త్రీ చెయ్యి."

"ఏవండీ, ఆ కాలరు విషయంలో మీకో మాట చెప్పాలి. అప్పుడెప్పుడో నేను..."

"తెలుసోయ్, జాగ్రత్తగా ఉతికావు. నీ గొప్ప నీకుంది. ఫోటోలో నువ్వూ ఉందువుగాని, ఆ పచ్చచీర కట్టుకో."

పిన్ని పచ్చచీర కట్టుకుంది. చొక్కాని కాగితంలో చుట్టి సంచీలో పెట్టుకుంది. ఉరికంబం దాకా తాడు తనే మోసుకెళ్తున్నట్టుందని తర్వాత మాతో చెప్పింది.

కొత్త షాపు కళకళలాడుతోంది. మధ్యలో గాజుపెట్టె ఖాళీగా, లోపల దీపంతో వెలుగుతోంది. బల్ల వెనక మేనేజరు, మంచి మర్యాద తెలిసిన కుర్రాడు, వచ్చిన చొక్కాలని చూస్తున్నాడు. ఒకాయన చొక్కాకి మోచేతులు లేవు. ఇంకొకాయనది మధ్యలో ఆయనే లావెక్కడం వల్ల పక్కల్లో వేరేగుడ్డ అతుకులతో వచ్చింది. ఒకావిడ చనిపోయిన మొగుడి చొక్కా తెచ్చి, చూపించి, ఇవ్వనని చెప్పి తీసుకెళ్లిపోయింది. అప్పుడు బాబాయి సంచీలోంచి తనది తీసి బల్లమీద పరిచాడు.

తెల్లగా, నిటారుగా, నిన్న కుట్టినట్టుంది. గడియారాలాయన కూడా కన్ను చిట్లించి, "బాగుందిరా," అనేశాడు, నోరుజారి.

"అద్భుతంగా ఉందండీ," అన్నాడు మేనేజరు. "ఇక కాలరు కొద్దిగా విప్పి ముద్ర చూస్తే..."

"ఆగు బాబూ. ఈ కాలరు మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. బ్లేడు ఇలా ఇవ్వు, నేను దర్జీని."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. తన చొక్కా కోసం కళ్లజోడు పెట్టుకోవడం ఆయన జీవితంలో అదే మొదలు. పిన్ని చీరకొంగు వేలికి చుట్టుకుంటూ గోడకి ఆనుకుంది.

బాబాయి బ్లేడు మొనని కుట్టుకిందికి పోనిచ్చి పైకెత్తాడు. కుట్టు కదల్లేదు. ఇంకాస్త గట్టిగా ఎత్తాడు. ఊహూ. ఆయన చెయ్యి ఆగింది. కుట్టు ముగిసేచోట దారాన్ని వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకి తెచ్చి, ఇంకోసారి వెనక్కి తిప్పి బిగించే అలవాటు ఆయనకి బాగా తెలిసినది. కొలత తేడా వచ్చిన చొక్కాలు విప్పాల్సొచ్చినప్పుడల్లా, "ఏమిటే ఈ బిగింపు, దొంగలు ఎత్తుకుపోతారనా?" అని తెరవైపు అరవడం ఆయన దినచర్యలో భాగం.

ఆయన కాలరు తిరగేశాడు. కఫ్ తిరగేశాడు. చొక్కా మొత్తం లోపలిది బయటికి తిప్పి, భుజం మీది కుట్టు నుంచి అంచుదాకా వేలితో నడిచాడు. తర్వాత తలెత్తి గోడవైపు చూశాడు.

"ముద్ర కనిపించిందాండీ?" అన్నాడు మేనేజరు.

"ఇందులో ముద్ర లేదు."

"ఇంకా విప్పలేదు కదండీ."

"అక్కర్లేదు. మీ కంపెనీ కుట్టయితే బ్లేడు చూపించగానే విడిపోతుంది. ఇది విప్పాలంటే నాకు సాయంత్రమవుతుంది." బ్లేడు బల్లమీద పెట్టాడు. "ఏమోయ్, ఎప్పట్నుంచి?"

పిన్ని నోట్లోంచి మాట నెమ్మదిగా వచ్చింది. "కంపెనీ మూసేశాక... ఇస్త్రీ పెట్టె పెట్టి మరిచిపోయాను. కాలరు మాడింది."

"ఒక్క కాలరేనా?"

"మొదట ఒక్కటే."

"ఇప్పుడు?"

"లేబులు కంపెనీదే," అంది పిన్ని.

షాపంతా గడియారాలాయన వైపు చూసింది. ఇలాంటి అవకాశం మనిషికి జీవితంలో ఒక్కసారే వస్తుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అంటే ఇన్నేళ్లూ కంపెనీ కుట్టు, కంపెనీ కుట్టు అని నువ్వు మా ప్రాణాలు తీసింది..."

"మా ఆవిడ కుట్టు!" అన్నాడు బాబాయి, ఆయన నోట్లోంచి మాట లాగేసుకుని. ఛాతీ అప్పటికే విరుచుకుంది. "పాతికేళ్లు నడివీధిలో నిలబడి పెళ్లాన్ని పొగిడిన మగాడు నేను కాక ఇంకొకడుంటే చూపించు. నువ్వు ఒక్కరోజు పొగిడావా మీ ఆవిణ్ని?"

గడియారాలాయన తన తీర్పుని వాయిదా వేసుకున్నాడు. ఆయన భార్య పక్కనే ఉంది.

"నువ్వేమన్నా తెలిసి పొగిడావా?" అని మాత్రం గొణిగాడు.

"తెలిసి పొగిడితే మొహమాటం అంటారు. తెలియకుండా పొగిడితేనే అది నాణ్యత. మా మాస్టారు వల్ల కాలేదు ఈ కాలరు. ఆయన కూతురికి అయింది. ఆయన ఇంట్లోనే ఉంది కంపెనీ, ఆయనకే తెలీదు." స్వరం తగ్గించి, "నాకూ తెలీదనుకో," అన్నాడు.

తర్వాత లేబులు వైపు చూసి, మళ్లీ బ్లేడు తీసుకున్నాడు. "బాబూ, ఇదొక్కటీ మీది. తీసిచ్చేస్తాను, గాజుపెట్టెలో పెట్టుకోండి."

"ఉంచండి," అంది పిన్ని. ఆ పూట ఆవిడ గట్టిగా మాట్లాడింది అప్పుడే. "నాకు ఎవరు నేర్పారు ఇది? నాన్న నేర్పలేదు, మీరు నేర్పలేదు. వాళ్ల కాలరు విప్పి చూస్తేనే కదా వచ్చింది. వాళ్లు లోపల కనబడనిచోట కూడా అంత శ్రద్ధగా చేయకపోతే నేను చూడ్డానికి ఏముంది? ఆ లేబులు అలాగే ఉండనీండి."

మేనేజరు కుర్రాడు ఆ కాలరుని వేళ్లమధ్య పట్టుకుని ఒత్తి చూశాడు. తర్వాత తన ఒంటిమీది కొత్త నిచ్చెన చొక్కా కాలరు తడుముకున్నాడు. "అమ్మా, మావాళ్లు చేసింది ఎలా ఉందో ఒకసారి చెప్తారా?" అని వంగాడు.

పిన్ని బొటనవేలితో కొనని నొక్కి చూసింది. "బాగానే ఉంది. బక్రం ఒకే పొర వేశారు. రెండోది ఏటవాలుగా కోసి వేయమనండి, మళ్లీ పాతదానిలా అవుతుంది. దాచుకునే విద్యేం కాదు, మీదే."

గాజుపెట్టెలోకి చివరికి పక్కల అతుకులు వేసిన చొక్కా ఎక్కింది. సొంతదారు ఫోటోలో పొట్ట లోపలికి పీల్చుకుని నిలబడ్డాడు. బాబాయి వెళ్లి మనస్ఫూర్తిగా అభినందించి, "ఆ అతుకులు ఎవరు కుట్టారండీ? కాస్త పట్టేసింది," అని చెప్పి వచ్చాడు.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

"చూసి నేర్చుకో అన్నాను కదూ నిన్ను," అన్నాడు బాబాయి.

"చాలాసార్లు."

"ఒక్కసారైనా నోరు విప్పి చెప్పొచ్చు కదా."

"మీరు పొగుడుతుంటే అడ్డం రావడమెందుకని."

బాబాయి నాలుగడుగులు వేశాడు. "ఇంకా ఏమేం పొగిడాను?"

"కాజాలు. కఫ్‌లు. ఒకసారి జేబు మూలల గురించి పాలవాడితో అరగంట మాట్లాడారు. పాపం అతని పాలు విరిగిపోయాయి."

"జేబు మూలలు బాగున్నాయి మరి," అన్నాడు బాబాయి.

మర్నాడు పొద్దున్న గడియారాలాయన చంకలో తెల్లపాప్లిన్ ముక్కతో మెట్లెక్కాడు. ఎగతాళికి వచ్చాడనుకుని బాబాయి మాటలు సిద్ధం చేసుకున్నాడు గానీ, ఆయన బాబాయిని దాటుకుని తెరదగ్గర నిలబడి, "చెల్లెమ్మా, నాకూ ఒకటి. ఆ కాలరుతో," అన్నాడు. గుడ్డని తెర కిందనుంచి లోపలికి తోశాడు.

"ఆయన కొలతలు తీస్తారు, ఇవ్వండన్నయ్యా," అంది లోపలి గొంతు.

"నువ్వు ఆగు," అన్నాడు బాబాయి. "నేను ముందున్నాను."

తెర పక్కకి జరిపి ఆయన లోపలికి వెళ్లాడు. ఆ గదిలోకి ఖాతాదారుగా వెళ్లడం ఆయనకి కొత్త. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిటికీ పక్కన నిలబడ్డాడు.

"నాకు ఒక చొక్కా కావాలి. కుట్టించుకుంటాను."

"ముందు చెప్పినవాళ్లవి ఉన్నాయి," అంది పిన్ని, మిషను ఆపకుండా. "వచ్చేవారం రండి."

"వచ్చేవారమా?"

"అందరికీ మీరు చెప్పేదే కదా."

బాబాయి కదల్లేదు. పిన్ని మిషను ఆపి, టేపు తీసుకుని లేచింది. భుజం కొలిచింది. చేయి కొలిచింది. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి ఆయన ఊపిరి బిగపట్టాడు.

"వదలండి. చొక్కా ఊపిరి పీల్చుకునే మనిషికి."

వదిలాడు. పొట్ట తన నిజస్వరూపానికి వచ్చింది. పిన్ని టేపు చూసి అంకె చెప్పింది.

"అంతుండదే!"

"టేపు మీదే."

తెర అవతల గడియారాలాయన నవ్వు వినబడింది. బాబాయి పట్టించుకోలేదు. గడ్డం పైకెత్తి, మెడ చాచి, కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ టేపు మెడని తాకలేదు. కళ్లు తెరిచి చూస్తే పిన్ని దాన్ని మడతపెట్టేస్తోంది.

"మెడ కొలవ్వా?"

"మీ మెడ కొలత నాకెందుకండీ," అంది పిన్ని మిషను దగ్గర కూర్చుంటూ. "ఎన్ని కాలర్లు కుట్టాననుకున్నారు?"